మూడు రాష్ట్రాల కాగితం

చర్చిలో కొత్త నిఘా కెమెరాలు పెట్టే పని కూడా మెర్లిన్‌కే పోయిందని తెలిసిన రోజు సుశీల్ కుమార్ అన్నం సరిగా తినలేదు.

"ఆ పిల్ల నిచ్చెనెక్కితే చూడాలండీ, ఉడత మాదిరి..." అని మెచ్చుకోబోయిన భార్య పుష్పకుమారి, మొగుడి ముఖం చూసి ఆగిపోయింది.

"పన్నెండేళ్లు నేనెక్కినా. ఒక్కరన్నా చూసినారా?" అని కంచం పక్కకు నెట్టాడు.

నిజమే. కావలిలో కెమెరా అంటే పన్నెండేళ్లుగా సుశీలే. బట్టల కొట్టయినా, కల్యాణ మండపమైనా అతను బిగించాల్సిందే. చెన్నైలో పని నేర్చుకుని వచ్చిన మెర్లిన్, సరిగ్గా అతని ఎదురుగానే అద్దాల తలుపుల షాపు తెరిచింది. ఏడాది తిరక్కుండా ఊరంతా ఆ తలుపు తోసుకుని లోపలికి పోవడం మొదలుపెట్టింది. ఆ షాపు ముందు బండి ఆగితే చాలు, ఇక్కడ ఇతనికి కడుపు మండేది.

ఇంకా తన చేతిలో మిగిలింది విజయభాస్కర్ గారి రొయ్యల కంపెనీ ఒక్కటే. అక్కడున్న నూట పది కెమెరాలూ తను బిగించినవే. ఆయన ఇప్పుడు చెన్నై దగ్గర ఒకటి, బెంగళూరు దగ్గర ఒకటి కొత్తగా కడుతున్నాడు. ఆ పని దక్కితే సుశీల్ నిలబడతాడు. దక్కకపోతే షట్టర్ దించుకోవడమే.

ఆయనే పిలిచి విషయం చెప్పాడు.

"మూడు రాష్ట్రాల్లో రూల్స్ ఒకటి కాదంట సుశీలూ. రికార్డు ఎన్నాళ్లు దాచాల, బోర్డు ఎక్కడ పెట్టాల, ఏ గదిలో కెమెరా ఉండకూడదు, అన్నీ పోల్చి ఒక కాగితం మీద రాసుకోని రా. మెర్లిన్‌ని కూడా అడిగినా. ఎవురిది బాగుంటే పని వాళ్లదే. శుక్రవారం లోపల ఇయ్యాల."

"ఆ పిల్ల నిన్నగాక మొన్న వచ్చింది గదా సార్."

"ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటారు గదయ్యా," అని నవ్వాడు ఆయన.

సుశీల్‌కి నవ్వు రాలేదు. రెండు రోజులు ఫోన్లో రూల్స్ వెతికాడు. ఒకచోట తమిళం, ఒకచోట కన్నడం, అర్థమవుతుందనుకున్న చోట లాయరు భాష. నిచ్చెన, డ్రిల్లు, వైరు తెలిసిన మనిషికి గెజిట్లతో ఏం పని? ఆమె మాత్రం ఈపాటికి రాసేసి ఉంటుంది. ఆ ఊహకే నిద్ర పట్టలేదు.

కెమెరాలు బిగించేవాళ్లకు ఒక అలవాటుంది. పని అప్పగించేటప్పుడు యజమానికి పాస్‌వర్డ్ ఇస్తారు. మార్చుకోమని మాత్రం చెప్పరు. రిపేరు వస్తే పనికొస్తుందని తమ ఫోన్లో కూడా ఉంచుకుంటారు. సుశీల్ ఫోన్లో సగం కావలి ఉంది.

బుధవారం మధ్యాహ్నం ఆ ఫోన్లో విజయభాస్కర్ గారి గది తెరిచాడు. మాటలు వినపడవు, బొమ్మ మాత్రం స్పష్టం. అనుకున్నట్టే మెర్లిన్ అక్కడే ఉంది. రికార్డింగ్ పెట్టె ముందు చాలాసేపు వంగి ఏదో చూసింది. తర్వాత తలెత్తి నేరుగా కెమెరా వైపు వేలు చూపిస్తూ ఏదో చెప్పింది. ఆయన కూడా తలెత్తి చూశాడు.

"నా బిగింపుకి వంకలు పెడతా ఉండాది!" అని సుశీల్ పళ్లు నూరాడు.

గురువారం ఆమె మళ్లీ వచ్చింది. ఒక కాగితం బల్ల మీద పరిచి, మూలన ఇంత బరువు పెట్టి, ఆయనతో కలిసి బయటికి వెళ్లింది. కాగితం కెమెరాకి సరిగ్గా కిందే ఉంది. అక్షరాలు ఒక్కొక్కటీ వేలెడంత.

"పెద్దాయనకి చూపు ఆనదని ఇంతింత లావున రాసిందా! కాకా పట్టేది కూడా చెన్నైలోనే నేర్చినట్టుండాది," అనుకుంటూ బొమ్మ పెద్దది చేశాడు.

మూడు రాష్ట్రాలకి మూడు గళ్లు. అన్నీ పూసగుచ్చినట్టు ఉన్నాయి. ఒక లైను దగ్గర అతని నోరు తెరుచుకుంది. ఆంధ్రా గడిలో, సముద్రానికి పది కిలోమీటర్లలోపు ఉన్న ప్రతి కెమెరాకూ ఆర్నెల్లకోసారి ఉప్పు పరీక్ష చేయించాలట. పన్నెండేళ్లలో ఆ ముక్క ఎక్కడా వినలేదు. ఈ పిల్ల ఎక్కడ పట్టింది! అసూయతో పాటు కాస్త భయం కూడా వేసింది.

మొత్తం తన కాగితం మీదికి దించుకున్నాడు. చివర్లో 'కెమెరాలు పెట్టినవాళ్లు పాస్‌వర్డ్ తమ దగ్గర ఉంచుకోరాదు' అని ఒక సలహా ఉంది. అది ఎందుకులే అని వదిలేశాడు.

శుక్రవారం పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లాడు. మెర్లిన్ అప్పటికే కుర్చీలో కూర్చుని ఉంది. "బాగుండావా అన్నా?" అంది. తలూపాడంతే.

విజయభాస్కర్ గారు కాగితం అందుకుని నిదానంగా చదివాడు. వేలు ఒకచోట ఆగింది.

"ఈ ఉప్పు పరీక్ష రూలు ఎక్కడ దొరికింది సుశీలూ?"

"గెజిట్లో సార్. నేనే వెతికి పట్టినా."

"మన కెమెరాలకి చేయించినావా?"

"ఆర్నెల్లకోసారి తప్పకుండా చేయిస్తానే ఉండాను సార్," అన్నాడు సుశీల్, మెర్లిన్ వైపు ఒక చూపు విసిరి.

ఆయన కళ్లజోడు తీసి కాగితం మీద పెట్టాడు.

"ఆ రూలు ఏ రాష్ట్రంలోనూ లేదు సుశీలూ, ఫోన్లో నా గది చూస్తా ఉండేది ఎవురో తెలుసుకునేదానికి నిన్న మెర్లిన్ సొంతంగా కల్పించి రాసి, ఆ కెమెరా కింద పెట్టి పోయింది."