ఇరవై నాలుగే రావాలి

"ఇరవై ఏడా? నీ మొహం! ఇరవై నాలుగు!"

గైడు గారు కాగితాల కట్టను బల్లమీద కొట్టిన దెబ్బకి పెన్నుల డబ్బా పక్కకి ఒరిగింది. ఎదురుగా నిలబడ్డ పరిశోధక విద్యార్థిని మాత్రం ఒరగలేదు.

"నాలుగుసార్లు లెక్క కట్టించాను సార్. నాలుగుసార్లూ ఇరవై ఏడే."

"అయితే నీ మొండితనం కంప్యూటరుకీ అంటుకుందన్నమాట. పధ్నాలుగేళ్లుగా ఈ ల్యాబు ఇరవై నాలుగంటోంది. నా పుస్తకంలో ఇరవై నాలుగుంది. నువ్వొచ్చావని వలయం మారిపోయిందా?"

వలయమంటే మరేం లేదు. మూడు కార్బన్లు చేతులు పట్టుకుని కూర్చున్న బుల్లి త్రికోణం, దాని వెనక ఒక పొడుగాటి తోక. కార్బన్ చేతులకి నూట తొమ్మిది డిగ్రీల చోటు కావాలి. ఈ ఇరుకు కాపురంలో దక్కేది అరవై. ఆ ఇబ్బంది ఎన్ని కిలోకేలరీలో కంప్యూటరు మీద లెక్క తేల్చడమే అమ్మాయి పని. వలయంలో అరవయ్యేసి డిగ్రీలు మూడుచోట్ల ఉన్నాయి. ఆమెకి కావలసింది ఒక్క డిగ్రీ. థీసిస్ ఇవ్వడానికి గడువు సాయంత్రం అయిదు. సంతకం పెట్టవలసిన పెన్ను గైడు గారి జేబులోంచి తల బయటపెట్టి చోద్యం చూస్తోంది.

"ఇరవై నాలుగని దిద్దుకురా. రెండు నిమిషాల పని. సంతకం పెట్టేస్తాను."

"దిద్దను సార్."

"దిద్దవూ? అయితే గుమ్మం అదిగో!"

దారి చూపాల్సిన గైడు గుమ్మం చూపించేసరికి అమ్మాయికి మండింది.

"రాని అంకె వచ్చిందని ఎలా రాస్తాను సార్? నాలుగేళ్లు ఈ కుర్చీలో కూర్చుని నడుం వంకరపోయింది. లెక్క కూడా వంకర చెయ్యమంటే నావల్ల కాదు. ఇరవై నాలుగు తేల్చిన ఆ పాత విద్యార్థి ఫైలు తెరిపించండి. తప్పెవరిదో ఇక్కడే తేలిపోతుంది."

"ఓహో, ఈ ల్యాబు పునాదులే తవ్వుతావా! తవ్వు! బాబాయ్, ఆ పాత డిస్కు పట్రా. ఈ పిల్ల పొగరు అందరి ముందూ దించుతాను."

కంప్యూటర్లు చూసుకునే పెద్దాయన్ని ల్యాబంతా బాబాయ్ అనే పిలుస్తుంది. ఆయన డిస్కు తుడిచి తగిలించాడు. తక్కిన విద్యార్థులు కుర్చీలతో సహా జరిగి చుట్టూ మూగారు.

వలయం ఎంత బాధపడుతోందో తెలియాలంటే బాధంటూ లేని కార్బన్ గొలుసుతో పోల్చాలి. ఉంగరాన్ని గొలుసుతో తూస్తున్నా ఇది నగల కొట్టు కాదు, రసాయనశాస్త్రమే. ఆ గొలుసు కాళ్లు బారచాపుకుని హాయిగా పడుకుని ఉండాలి. అదొక్కటే షరతు.

అమ్మాయి తెరమీద పాత గొలుసుని ఒకసారి తిప్పింది. రెండోసారి తిప్పేసరికి అందరికీ కనబడింది.

"చూడండి సార్, ఇది హాయిగా పడుకోవడమేనా? చలేసినట్టు మూడుచోట్ల ముడుచుకుపోయింది. దీని బాధ దీనికే ఉంది. ఇలాంటిదాన్ని సుఖంగా ఉందనుకుని పోలిస్తే, వలయం బాధ మూడు తగ్గి కనబడదా మరి?"

గైడు గారు కళ్లజోడు తీశారు, తుడిచారు, మళ్లీ పెట్టుకున్నారు. గొలుసు కాళ్లు చాపలేదు.

దాంతో కోపం దిక్కు మార్చుకుంది.

"ఎవడు వీడు? గొలుసుని నిఠారుగా పడుకోబెట్టడం రానివాడికి డాక్టరేట్ ఎవడిచ్చాడు?"

"మీరేనండీ," అన్నాడు బాబాయ్, డిస్కు డబ్బా మూత వెతుక్కుంటూ.

"అంటే నా సంతకాన్నే మోసం చేశాడు! పధ్నాలుగేళ్లు నా నోటితో అబద్ధం చెప్పించాడు! ఫైలు మొదట్లో ఎవరేం చేశారో ఒక ముక్క రాసుకుంటారుగా? అది చదువు. వాడి తెలివి అందరూ వినాలి."

అమ్మాయి ఫైలు పైకి జరిపింది. ముందు కళ్లతో చదువుకుంది. గొంతు తగ్గింది.

"వద్దులెండి సార్. సంతకం పెట్టెయ్యండి, వెళ్లిపోతాను."

"చదవమన్నానా! గట్టిగా!"

గట్టిగానే చదివింది:

"గొలుసు నిఠారుగా ఉంటే ఇరవై ఏడే వస్తోంది. 'దిద్దుకురా, ఇరవై నాలుగొస్తేనే సంతకం' అన్నారు గైడు గారు. అందుకని మడిచాను."