లవంగం ఎక్కువైంది

భర్త ముందు ఫోను పెట్టి, "ఇది చదువు" అంది ఆమె.

ఆమె నడిపే టీ దుకాణం గురించి 'చేదు నాలుక' అనే పేరుతో ఎవరో రాసిన కొత్త రివ్యూ అది. కొన్నాళ్లుగా ఆ పేరు కనబడితే చాలు, ఆమెకు గుండె దడ. మల్లెపూల టీ సబ్బునీళ్లలా ఉందన్నదీ, నురగ పాలతో చేసే మసాలా లాటేలో పాలు తప్ప టీ లేదన్నదీ ఆ నాలుకే. అవి చదివి జనం రావడం తగ్గించారు.

"ఇలాంటివాళ్లని పట్టించుకోకు. ఏదో కడుపుమంట" అన్నాడతను.

"కొత్త లాటేలో లవంగం ఎక్కువై గొంతు పట్టేస్తోందట."

"రాస్తే రాశాడులే."

"దాన్నింకా దుకాణంలో పెట్టలేదు. నిన్న ఇంట్లో కలిపి నీ ఒక్కడికే ఇచ్చాను. బ్రహ్మాండంగా ఉందన్నావు."

అతను తల దించుకున్నాడు.

"మొహం మీద చెప్తే నొచ్చుకుంటావని... అలాగైనా సరిదిద్దుకుంటావనుకున్నాను. ఒక్క ముక్క కూడా అబద్ధం రాయలేదు."

ఆమె వంటగదిలోకి వెళ్లి, మిగిలిన లాటేను వేడిచేసి ఒక గుక్క తాగింది. లవంగం నిజంగానే గొంతు పట్టేసింది. వచ్చి అతని ఎదురుగా కూర్చుంది.

"నువ్వు రాసింది నిజమే."

అతని మొహం తేటపడింది. "కోపం లేదు కదా?"

"టీ సంగతి సరే. పెళ్లైనప్పటి నుంచి ఇంకా ఏవేవి ఇలా బాగున్నాయన్నావు నాతో?"

అతను "అన్నీ బాగున్నాయి" అనబోయి ఆగిపోయాడు.