హెలెనా జవాబు

మూడో మెయిల్‌కు కూడా హెలెనా నుంచి జవాబు రాలేదు. తప్పు లిస్టుదే అయి ఉంటుందని స్టాన్లీ నిశ్చయించుకున్నాడు.

నారాయణఖేడ్ బస్ డిపో వెనక వీధిలో, ఇంటి ముందు గదిలోనే అతని నెట్ సెంటర్. ఇల్లు గడిచేది జిరాక్సులతో, పాసు పుస్తకాల నకళ్లతో. మనసు మాత్రం ఆ మెయిలింగ్ లిస్టు మీదే ఉంటుంది. కండరాలు కొద్దికొద్దిగా చచ్చుబడిపోయే ఒక అరుదైన జబ్బు ఉన్న పిల్లల తల్లిదండ్రుల లిస్టు అది. లోకంలో ఎక్కడెక్కడి వాళ్లో ఉన్నారు. ఒకరు రాస్తే అందరికీ చేరుతుంది. దాన్ని మొదలుపెట్టిన పెద్దమనిషి తన కొడుకు పోయాక, లిస్టు నడిపే పని స్టాన్లీకి అప్పగించి తప్పుకున్నాడు. స్టాన్లీ కూతురు కెజియాకు పదకొండేళ్లు. బడి మానేసి ఏడాదిన్నర అయింది. ఇప్పుడు మంచం మీదే, ఫోన్‌లో ఇంగ్లీషు కథలు చదువుకుంటూ.

లిస్టు స్టాన్లీ చేతికి వచ్చినప్పుడు సభ్యులు నలభై ముగ్గురు. ఇప్పుడు తొమ్మిది మంది. పంపిన మెయిల్ అయిదుసార్లు తిరిగొస్తే ఆ పేరును సాఫ్ట్‌వేరే కొట్టేస్తుంది. ఒక్కో ఇంటి మెయిల్ ఎందుకు మూతపడుతోందో స్టాన్లీకి తెలుసు. ఆ ఆలోచన దగ్గరికి పోడు.

పోకుండా ఉండగలుగుతున్నాడంటే అది హెలెనా వల్లే. పోర్చుగల్ ఆవిడ. ఏడాదిగా నెలకో ఉత్తరం రాస్తోంది. ఆమె కూతురిదీ అదే జబ్బు. కానీ ఆ అమ్మాయికి ఇరవై రెండేళ్లు. చక్రాల కుర్చీలోనే కాలేజీకి వెళ్లి చదువుకుంది, ఇప్పుడు చిన్నపిల్లలకు బొమ్మలు వేయడం నేర్పుతోంది. ఉత్తరం వచ్చిన రోజు స్టాన్లీ దాన్ని భార్య దీవెనకు తెలుగులో చదివి వినిపిస్తాడు. ఆమె రొట్టెలు కొడుతూ తలెత్తకుండా వింటుంది.

పోయిన వారం హైదరాబాద్ డాక్టరు ఇక ఏమీ దాచలేదు. ఈ జబ్బు పిల్లలు పద్నాలుగు దాటరన్నాడు. స్టాన్లీ వెంటనే హెలెనా కూతురి సంగతి చెప్పాడు. డాక్టరు అతని ముఖంలోకి చూసి, నిజమే అయితే ఆ అమ్మాయి రిపోర్టులు తెప్పించమన్నాడు. ఆ వయసు దాటిన మనిషి ఒక్కరు దొరికినా తన మాట తప్పని ఒప్పుకుంటానన్నాడు. సోమవారం మళ్లీ రమ్మన్నాడు. ఇవాళ శనివారం. ఆ రిపోర్టులు అడుగుతూ పంపినవే ఈ మూడు మెయిళ్లూ.

"ఇగ వదిలెయ్యి," అంది దీవెన గుమ్మంలోకి వచ్చి. "ఆమెకేం పరేషాన్ ఉన్నదో ఏమో."

"ఆమె ఇయ్యనంటలేదు. నా మెయిలే పోతలేదు."

పొద్దున్నుంచి ఒక్కొక్కటీ విప్పి చూస్తున్నాడు. లిస్టు ఆపి ఉంచిన మెయిళ్లేమైనా ఉన్నాయా అంటే లేవు. తన సర్వర్ పేరు దొంగ మెయిళ్లు పంపేవాళ్ల జాబితాలోకి గాని ఎక్కిందా అంటే ఎక్కలేదు. నాగల్‌గిద్ద నుంచి ఆధార్ నకలు కోసం వచ్చిన వీరప్ప అరగంట నిలబడి, ఊరి ఆటో వెళ్లిపోతుందని గొణుక్కుంటూ వెనక్కి పోయాడు. స్టాన్లీ సాఫ్ట్‌వేర్‌ను ఆపి మళ్లీ నడిపాడు. నాలుగో మెయిల్ పంపాడు. ఈసారి సర్వర్ రాసుకునే చిట్టా తెరిచి, ఒక్కో వరసా వేలు పెట్టి చదివాడు. హెలెనా పేరుకు ఎదురుగా 'అందింది' అని ఉంది. వెనక్కి వెళ్లి చూశాడు. మొదటి మూడు మెయిళ్లూ అందాయి.

తప్పు ఎక్కడా లేదు. అది తెలిశాకే అతనికి భయం వేసింది.

ఆమెకు ఇంకో చిరునామా ఏదైనా ఉందేమోనని, ఆమె లిస్టులో చేరిన నాటి నమోదు వెతికి తీశాడు. ఇంకో చిరునామా లేదు. ఆమె ఎక్కడి నెట్ నుంచి చేరిందో తెలిపే నంబరు మాత్రం ఉంది. ఆ నంబరు ఏ ఊరిదో స్టాన్లీ వెతకనక్కరలేదు. సెంటర్ పనికి ఎప్పటికీ మారని నంబరు కావాలని, అర్జీ పెట్టి మరీ తీసుకున్నది తనే. అది అతని ఇంటిదే. చేరిన వేళ అర్ధరాత్రి, సెంటర్ మూసి ఉండే సమయం.

 లేచి వంటింట్లోకి వెళ్లి, జొన్నపిండి కలుపుతున్న దీవెన ఎదురుగా నేలమీద కూర్చున్నాడు. కోపం రాలేదు. 

"హెలెనా అని ఎవ్వరు లేరు గదా," అన్నాడు.

దీవెన చేతులు ఆగాయి. తల వంచుకునే, లేరన్నట్టు ఊపింది.

"నా కోసమే రాసినవా?"

ఆమె తలెత్తి, అర్థం కానట్టు చూసింది. "నేనెట్ల రాస్త? నాకంత ఇంగ్లీషు యాడికెళ్లి వస్తది? నాకు ధైర్యం చెప్పనీకి నువ్వే రాసి, నువ్వే చదువుతున్నవనుకున్న. గందుకే ఎన్నడు అడగలే."

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పొయ్యి మీద పెనం పొగలు చిమ్ముతోంది. ఎవరూ దించలేదు. ముందు ఎవరు తిరిగారో గాని, ఇద్దరూ పక్క గదికి వేలాడే పరదా వైపు చూశారు.

స్టాన్లీ లేచి పరదా తీశాడు. కెజియా దిండుకు ఆనించిన ఫోన్ మీద, ఇంకా కదిలే రెండు వేళ్లూ పెట్టుకుని, వాళ్ల వైపే చూస్తోంది. అంతా విన్నదని ముఖం చూస్తేనే తెలుస్తోంది.

"డాడీ," అంది మెల్లగా, "రిపోర్టులు ఎట్ల తయారు చెయ్యాల్నో నాకు తెలుస్తలేదు."