బోరు గొట్టం

వరాలా తలావ్ చెరువు దగ్గర మట్టి పరీక్షకు దింపిన బోరు గొట్టానికి సదానందం రాత్రి కాపలా. కిందంతా మెత్తటి పూడిక మట్టేననీ, భూకంపమొస్తే ఈ నేల మరింత ఊగుతుందనీ ఇంజినీరమ్మ చెప్పి వెళ్ళింది.

అన్నం తెచ్చిన భార్య జమున గొట్టం పక్కనున్న నీళ్ళ చెంబులోకి టార్చి వెలుగు వేసింది.

"నీళ్లేంది, గిట్ల వణుకుతున్నయి?"

"సాంచెలు నడుస్తున్నయి గదనే," అన్నాడతను. ఏళ్ళ తరబడి మరమగ్గాలు నడిపిన చెవుల్లో ఆ మోత ఎప్పుడూ ఆగదు.

"కరెంటు పోయి శానాసేపాయె. సాంచెలన్నీ బందే ఉన్నయి."

సదానందం గొట్టాన్ని పట్టుకున్నాడు. లోతున ఏదో, మగ్గంలో నూలు మోసే నాడె అటూ ఇటూ కొట్టుకున్నట్టే, టకటకా ఆడుతోంది.

వచ్చిందెవరో విందామని నేతగాడు మగ్గం ఆపినట్టు, అది చప్పున ఆగింది. చెంబులో నీళ్ళు కదలడం లేదు.

కదిలితే కిందికి వినబడుతుందేమోనని, సదానందానికి చెయ్యి తియ్యాలంటే భయమేసింది.