పొల్లు పోకుండా

ఇరవయ్యేళ్ల కాపురంలో భార్య మాటను గోడ గడియారం చప్పుడులా భరించిన మహానుభావుడు, పాస్టరు చదువుకని సెమినరీలో చేరిన నెలకే ఎదురుగా కూర్చుని బుద్ధిగా తలూపుతున్నాడు. ఆవిడకు అనుమానం రాదూ?

ఆ సాయంత్రం అతని సంచిలో నోటుబుక్కు దొరికింది. తెరిస్తే అన్నీ తన మాటలే, పొల్లు పోకుండా.

"ఏమండీ, ఎవరికి చేరవేస్తున్నారివి? మీ అక్కయ్యకా?"

"ఛ, హోంవర్కే! రోగుల్ని పరామర్శించడం మాకో పాఠం. ఎవరితోనైనా మాట్లాడి, ఉన్నదున్నట్టు రాసి చూపించాలి."

"రోగి దొరక్క నన్ను పట్టుకున్నారా?"

"ఇంట్లో ఉండగా ఊరంతా తిరగడమెందుకని..."

"మరి నా మీద మార్కులెన్నొచ్చాయేం?"

అతను పుస్తకం లాక్కోబోయాడు. ఆవిడ అప్పటికే చివరి పేజీకి వెళ్లిపోయింది. పాఠం చెప్పే అయ్యగారు ఎర్ర సిరాతో రాసింది పైకే చదివింది.

"మెట్లెక్కితే ఆయాసం వస్తోందని ఈమె మూడుసార్లు చెప్పింది. ఎప్పట్నుంచి అని మీరు ఒక్కసారీ అడగలేదు."

పుస్తకం కోసం చాచిన చెయ్యి అతను వెనక్కి తీసుకున్నాడు.

"ఎప్పట్నుంచే?" అన్నాడతను మెల్లగా.

"పెన్ను తెచ్చుకోండి, చెబుతా."

"వద్దులే. చేత్తో రాశానే గానీ బుర్రకెక్కించుకోలేదు. తప్పు నాదే."