మోతలో ఫ్యాను చప్పుడు

చప్పుడు కొలిచే మీటరు ఎనభై ఒకటి చూపించింది. సూర్యప్రకాశరావు దాన్ని అరచేత్తో తట్టి, మళ్లీ కంప్యూటరు డబ్బా పక్కన పెట్టాడు. ఎనభై రెండు.

"నలభై దాటకూడదండీ. బ్యాంకుల్లో పెట్టే కంప్యూటర్లు. ఫ్యాను గుర్రుమంటే కౌంటర్లో వాళ్లు పని చేసుకోవద్దూ?"

"అది మా ఫ్యాను కాదు సార్. పక్క షెడ్డుల ప్రెస్సు," అన్నాడు సూపర్‌వైజరు కైలాసం.

రేకును డబ్బాగా వంచే ప్రెస్సు అది. దాని దెబ్బకు పైకప్పు రేకులు కూడా హోరెత్తుతున్నాయి. పటాన్‌చెరులోని ఆ చిన్న కంపెనీ కంప్యూటర్లకు డబ్బాలు చేసి, ఫ్యాన్లు బిగించి పంపుతుంది. ఏ ఫ్యాను చప్పుడు చేస్తుందో, ఏది చేయదో తేల్చేది సంగప్ప. నాలుగేళ్లుగా అదే పని.

సరుకు కొనే కంపెనీ తరఫున ఇవాళ సూర్యప్రకాశరావు మీటరు పట్టుకుని వచ్చాడు. పొద్దున్నే ఓనరు రాజేశ్వర్ కైలాసాన్ని పిలిచి చెప్పేశాడు.

"ఆయన మీటరే చాలంటే ఇగ మనిషెందుకు? సంగప్పను ఇంటికి పంపు."

సంగప్పకు ఇస్నాపూర్‌లో కిరాయి గది, భార్య బీరమ్మ, బడికి పోయే ఇద్దరు ఆడపిల్లలు. అంతకు ముందు పన్నెండేళ్లు ఆ ప్రెస్సు మీదే పనిచేశాడు. అక్కడి నుంచి తప్పించి ఫ్యాన్లు పరీక్షించే ఈ గదిలో కూర్చోబెట్టింది కైలాసమే.

ఆ మాట విని బయటికొచ్చిన కైలాసానికి లోడింగు మల్లన్న ఎదురయ్యాడు.

"ఇయ్యాల గూడ గీసినవా సారూ? దేవునికి మీసమొక్కటే మొక్కినవా ఏంది?"

ఇంకోరోజైతే కైలాసం తగిన జవాబే చెప్పేవాడు. ఇవాళ నున్నటి మూతి తడుముకుని నడిచిపోయాడు.

ఇప్పుడు పరీక్ష గదిలో సూర్యప్రకాశరావు గుబురు మీసం సవరించుకుని, సంగప్ప వైపు తిరిగాడు.

"ఏమయ్యా, ఈ పన్నెండింట్లో ఎక్కువ శబ్దం చేసేవి వేరు చెయ్యగలవా?"

సంగప్ప ఆయన ముఖంలోకి చూశాడు. తర్వాత కైలాసం ముఖంలోకి చూశాడు.

"నా తెలుగు అర్థం కాలేదాండీ ఇతనికి?"

"మీది కోస్తా తెలుగు సార్. జెర నేను చెప్త." కైలాసం సంగప్పకు ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. "పన్నెండు డబ్బాలున్నయి. చప్పుడు చేసేటియి ఏరాల్నంట."

"గంతేనా!" అని సంగప్ప అరిచాడు.

సూర్యప్రకాశరావు ఉలిక్కిపడ్డాడు.

"ప్రెస్సుల చేసినోళ్లందరు గట్లనే ఒర్రుతరు సార్. అలవాటు."

డబ్బాలన్నీ మందపాటి ఫోం మీద వరసగా ఉన్నాయి. సంగప్ప మొదటిదాని నెత్తిన అయిదు వేళ్లూ ఆనించి కళ్లు మూసుకున్నాడు. పసిబిడ్డకు జ్వరమొచ్చిందేమో చూస్తున్నట్టుంది వాలకం.

"ఎన్నాళ్లయింది నేర్చుకుని?" అడిగాడు సూర్యప్రకాశరావు. జవాబు రాలేదు. మళ్లీ అడిగాడు.

"పని మీదున్నప్పుడు మాట్లాడడు సార్," అన్నాడు కైలాసం. డిసెంబరు నెలలో కూడా అతని చొక్కా చెమటకు వీపుకు అంటుకుపోయింది.

పావుగంటలో సంగప్ప మూడు డబ్బాల మీద చాక్‌పీసుతో ఇంటూ గుర్తులు పెట్టాడు. పెట్టి, చేతులు దులుపుకున్నాడు.

"ఒంటి గంటకు ప్రెస్సు బందయితది సార్. అప్పుడు మీ మీటరు పెట్టి చూడుండ్రి," అన్నాడు కైలాసం.

ఒంటి గంటకు అన్నం బెల్లు మోగింది. ప్రెస్సు ఆగింది. రాజేశ్వర్ కూడా వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. తలుపులు మూసి, సూర్యప్రకాశరావు ఒక్కో డబ్బా దగ్గర మీటరు పెట్టి అంకె కాగితం మీద రాసుకున్నాడు. ముప్పై ఆరు. ముప్పై ఎనిమిది. ముప్పై ఏడు. ఇంటూ గుర్తున్న మొదటి డబ్బా దగ్గర మీటరు నలభై ఆరుకు లేచింది. రెండోది నలభై తొమ్మిది. మూడోది నలభై ఏడు. మిగతావి ఒక్కటీ నలభై దాటలేదు.

ఆయన పెన్ను జేబులో పెట్టుకున్నాడు.

"నా మీటరుకే అందలేదు. అంత మోతలో ఆ సన్నటి చప్పుడు ఎలా దొరికిందో అడగండి."

కైలాసం ఎదురుగా నిలబడి అడిగాడు. "అంత మోతల ఎట్ల దొరికిందంటుండు సారు."

సంగప్ప నొసలు ముడిచాడు.

"ఏ మోత సార్?"

కైలాసానికి పొలమారింది. సూర్యప్రకాశరావు మాత్రం పకపకా నవ్వి సంగప్ప భుజం తట్టాడు.

"అదండీ ఏకాగ్రతంటే! రాజేశ్వర్ గారూ, మీటరు ఉంటే ఉండనీండి. ఈ మనిషి చూసి సరే అనకుండా ఒక్క డబ్బా కూడా మాకు పంపొద్దు. ఆర్డరు కాగితంలోనే రాస్తున్నాను."

రాజేశ్వర్ తల ఊపాడు. ఏం జరిగిందో కైలాసం ఎదురుగా నిలబడి మళ్లీ చెబితే, సంగప్ప తువ్వాలతో ముఖం తుడుచుకుని అన్నం డబ్బా తెరిచాడు.

కారెక్కబోతూ సూర్యప్రకాశరావు కైలాసాన్ని ఎగాదిగా చూశాడు.

"ఏమీ అనుకోకండి. మీకు మీసం ఉంటే బావుంటుందండీ."

"చెమట పడతది సార్," అన్నాడు కైలాసం.

నాలుగేళ్ల కింద, సంగప్ప రెండు చెవులూ పూర్తిగా పోయాయని డాక్టరు కాగితం రాసిచ్చిన మర్నాడే, మాట్లాడేటప్పుడు పెదవులు అతనికి బాగా కనబడాలని కైలాసం మీసం తీయించుకున్నాడు.