తిప్పి పంపిన బోణీ

నూనె మిల్లు మూసేస్తారని సామర్లకోట అంతా అనుకున్నాక, అందులో గుమాస్తా మణిశంకర్‌కి ఎట్టకేలకు తెలివొచ్చింది.

గూడ్స్ షెడ్డు ఎదురుగా టిఫిన్ హోటలు పెట్టాడు.

పెట్టుబడి భార్య శ్రీదుర్గ మెడలో గొలుసు. పిండి రుబ్బేది శ్రీదుర్గ, పొయ్యి దగ్గర మాడేది శ్రీదుర్గ. అయ్యగారి వంతు ఇస్త్రీ చొక్కా, గల్లాపెట్టె.

"మీ ఉద్యోగం పోతే మనకి ఇదొక్కటేనండి దిక్కు" అంది శ్రీదుర్గ.

గొప్పవాళ్ళు తినే హోటలవుతుంది చూస్తుండమన్నాడు.

గొప్పవాళ్ళంటే మిల్లు మేనేజరు. తొలి బోణీ ఆయన చేత్తోనే జరగాలని ముందే వెళ్ళి, చేతులు కట్టుకుని నిలబడి మరీ పిలిచొచ్చాడు. రేపో మాపో తన ఉద్యోగం పీకేది కూడా ఆ చెయ్యేనని ఈ మహానుభావుడికి తట్టలేదు.

హోటలు తెరిచిన రోజు తెల్లారేసరికి మాసిన లుంగీ, తలపాగా, ఒళ్ళంతా సిమెంటు దుమ్ముతో ఒక ముసలాయన వచ్చాడు. డబ్బులు చేతిలోనే పట్టుకున్నాడు.

"రెండిడ్లీ పెట్టండి బాబూ."

"ఇంకా బోణీ కాలేదు. తర్వాత రా."

"అందుకే వచ్చానండి" అని నవ్వాడు ముసలాయన.

"నీతో బోణీ ఏంటి? పెద్దవాళ్ళొస్తున్నారు. పక్కకి జరుగు."

ముసలాయన డబ్బులు మొలలో దోపుకుని, ఎదురుగా ఉన్న లోవలక్ష్మి ఇడ్లీ బండి దగ్గరికి వెళ్ళిపోయాడు.

వచ్చిన బోణీని తిప్పి పంపుతారా అని శ్రీదుర్గ బాధపడితే, నీకేం తెలుసు ఊరుకోమన్నాడు.

మేనేజరు ఎండెక్కాక నలుగురిని వెంటేసుకుని వచ్చాడు. పెసరట్టు ఉప్మాలు లాగించి, మనవాడే కదా అని భుజం తట్టి, పైసా తియ్యకుండా వెళ్ళాడు. ఆ తట్టిన భుజం చూసుకుని మణిశంకర్ రోజంతా మురిసిపోయాడు.

ఆ తర్వాత పెద్దవాళ్ళూ రాలేదు, చిన్నవాళ్ళూ రాలేదు. షెడ్డులో బస్తాలు మోసే ముఠా అంతా ఎదుటి బండి చుట్టూనే మూగేది.

నెల తిరక్కుండా మిల్లుకి తాళం పడింది. మేనేజరు కాకినాడలో వేరే కొలువు చూసుకున్నాడు. మణిశంకర్ ఖాళీ హోటల్లో ఈగలు తోలుకుంటూ కూర్చున్నాడు.

శ్రీదుర్గ ఉండబట్టలేక, ఒక్కరైనా మా మెట్టెక్కరేమని లోవలక్ష్మినే వెళ్ళి అడిగింది.

లోవలక్ష్మి తల దించుకుంది. తమ మేస్త్రీ బోణీని తిప్పి పంపిన కొట్లో ముఠావాళ్ళు మంచినీళ్ళయినా ముట్టరనీ, అది వాళ్ళ కట్టుబాటనీ చెప్పింది. ఆ ముసలాయనే మేస్త్రీ చిట్టియ్య అంది.

శ్రీదుర్గకి ఏడుపొచ్చింది.

"మీ కొట్టు తెరిచే ముందురోజు ఆయన నా దగ్గరికొచ్చారండి" అంది లోవలక్ష్మి. "ఉద్యోగం పోయేవాళ్ళు పాపం హోటలు పెట్టుకుంటున్నారు, మావాళ్ళలో సగం మందిని అటు పంపిస్తాను, నువ్వేమీ అనుకోకమ్మా అని, నన్ను ఒప్పించి మరీ మీ బోణీకి వచ్చారండి."